గేరు మార్చక్కర్లేని దారి

వ్యానమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూడదు. ఒక తరం పిల్లల్ని బడికి చేర్చి, ఆ పిల్లలకు పుట్టిన పిల్లల్ని కూడా చేర్చడం మొదలుపెట్టిన మనిషికి వేరే పేరెందుకు మిగులుతుంది?

ఆమె బతుకంతా రెండో గేరులోనే గడిచిందని మావాళ్ళు వేళాకోళం చేసేవారు. అందులో అబద్ధమేమీ లేదు. మా వీధి నుంచి బడికి వెళ్ళే దారిలో ఉన్నవన్నీ సందులే. రొట్టెల దుకాణం దగ్గర ఒక మలుపు, ఆసుపత్రి వెనకాల ఇంకో మలుపు. గోడ చాటు నుంచి బంతి, బంతి వెనకాల పిల్లాడు, పిల్లాడి వెనకాల కుక్క. గోడౌను గోడ పక్కన కాస్త జాగా దొరికితే మూడో గేరు వేసేది. వేసిందో లేదో, మళ్ళీ తీసెయ్యాల్సి వచ్చేది.

"నాలుగో గేరు ఎందుకు పెట్టారో తెలీదక్కా, అలంకారానికి కాబోలు," అనేది నాతో.

ఆమెకు డ్రైవింగు నేర్పిన మనిషిని అందరం గురువు అనే పిలిచేవాళ్ళం. గురువు ఆడమనిషే. బడికి రెండు వ్యాన్లుంటే మొదటిది గురువు నడిపేది. వ్యానమ్మ అప్పట్లో అందులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా. భర్త పోయిన కొత్త. పిల్లలు లేరు. ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడేది కాదు. ఒకరోజు రెండో వ్యాను డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేస్తే, గురువు ఈమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి స్టీరింగు ముందు కూర్చోబెట్టింది.

"నాకు భయం," అందట ఈమె.

"భయం ఉన్నవాళ్ళకే పిల్లల్ని అప్పగించాలి. లేనివాళ్ళు లారీలు నడుపుకుంటారు. కూర్చో."

గురువుకు సొంతంగా ఒక చిన్న కారుండేది. దాని మీదే నేర్పింది. ఆదివారం పూట మా సందుల్లో ఆ కారు దగ్గుతూ, ఆగుతూ, మళ్ళీ దగ్గుతూ పోతుంటే మేమంతా గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్ళం. ఈమె ఎడమ కాలు క్లచ్చి మీద నుంచి జరిగితే చాలు, గురువు పక్క సీట్లోంచి వంగి మోకాలి మీద ఒక్కటి అంటించేది. సందుల్లో నడిపేవాళ్ళ కాలు ఎప్పుడూ క్లచ్చి మీదే సిద్ధంగా ఉండాలని ఆమె పట్టుదల. అలా పెడితే క్లచ్చి అరిగిపోతుందని మెకానిక్కులు మొత్తుకునేవాళ్ళు.

"అరిగితే కొత్తది వేయించుకుంటాం. పిల్లలు అరిగితే వేయించగలమా?" అనేది గురువు.

అలా ఇద్దరూ చాలా ఏళ్ళు, ముందొకరూ వెనకొకరూ నడిపారు. సాయంత్రం చివరి పిల్లను దింపేశాక రెండు వ్యాన్లూ గోడౌను గోడ పక్కన ఆపుకుని ఒకే ఫ్లాస్కులోని టీ తాగేవాళ్ళు. వ్యానమ్మ నవ్వగా నేను మొదటిసారి చూసింది అక్కడే. ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకుందామని కూరగాయల సంచీ పట్టుకుని అటువైపు చాలాసార్లు నడిచాను. నన్ను చూడగానే గురువు గొంతు పెంచి, "వంకాయలు లేతగా ఉన్నాయా వదినా?" అని అడిగేది. సంచీలో వంకాయలు లేవని ఆమెకూ తెలుసు.

ఆ తర్వాత గురువు తమ్ముడికి ఒంట్లో బాగుండక, అతని భార్యకు తోడుగా ఇంకో మనిషి కావలసి వచ్చి, ఆమె వెళ్ళిపోయింది. వాళ్ళ ఊరు దూరం. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి గాని చేరలేం. పెద్ద మైదానం ఒకటి దాటాలి. వెళ్ళేముందు కారు తాళాలు వ్యానమ్మ చేతిలో పెట్టింది.

"నాకిది అమ్మబుద్ధి కాదు. నీ దగ్గరుంచు. నడుపుకుంటూ ఒకసారి నా దగ్గరికి తీసుకురా," అని రైలెక్కింది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఫోను. వ్యానమ్మ మా అరుగు మీద కూర్చుని మాట్లాడేది కనుక సగం నాకూ వినపడేది. గురువు ఎప్పుడూ ఆ మైదానం మీది దారి గురించే చెప్పేది. ఒక చెట్టు లేదట, మలుపు లేదట, తాడు లాగి కట్టినట్టుంటుందట. "ఒక్కసారి నాలుగో గేరు వేశావా, మళ్ళీ చెయ్యి అటు పోనక్కర్లేదే. ఇన్నాళ్ళూ ఆ సందుల్లోనే బతికావు. ఒక్కసారి రా. ఈ దారి మీద నిన్ను నడపనిచ్చి, పక్కన ఊరికే కూర్చుంటాను."

"సెలవుల్లో వస్తా," అనేది వ్యానమ్మ.

సెలవులు వచ్చేవి. సెలవుల్లో వ్యానుకు రంగులు వెయ్యాలి, సీట్లు కుట్టించాలి, పాడైన కిటికీలు మార్పించాలి. ఇంతలో బడి తెరిచేవాళ్ళు. "ఈసారి కాదు, వచ్చే సెలవులు తప్పదు," అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు మా వీధి చివర ఉన్న మలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయేవి.

ఒక వానాకాలం వ్యాను మెట్టు మీద కాలు జారింది. కుడి చీలమండ విరిగింది. లోపల రేకు పెట్టి మరలు బిగించారు. కర్ర లేకుండా నడుస్తుంది, బ్రేకు గట్టిగానే తొక్కుతుంది. కాని యాక్సిలరేటరు మీద పాదాన్ని ఒకే తీరున ఆనించి ఉంచమంటే మాత్రం కాసేపటికి తిమ్మిరెక్కుతుంది, ఆపైన నొప్పి మోకాలి దాకా పాకుతుంది. బడి పని మానేసింది. కారును మాత్రం వారానికోసారి వీధి చివరి దాకా తిప్పి తెచ్చి మళ్ళీ గుడ్డ కప్పేది.

సరిగ్గా అప్పుడే అటువైపు గురువుకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది.

ఫోను మాత్రం ఆగలేదు. గురువు తమ్ముడి భార్య ఫోను ఆమె చెవికి ఆనించి, "వింటున్నారు, మాట్లాడండి," అనేది. వ్యానమ్మ మాట్లాడేది. రొట్టెల దుకాణం మూసేశారని చెప్పేది. బడికి ఇంకో వ్యాను కొన్నారని, దాని డ్రైవరు హారను తప్ప ఇంకేదీ వాడడం లేదని చెప్పేది. అవతల ఊపిరి తప్ప ఏమీ ఉండేది కాదు. ఎదుటివాళ్ళు నవ్వవలసిన చోట ఈమే కాస్త ఆగి, మళ్ళీ మొదలుపెట్టేది. వినలేక నేను లోపలికి వెళ్ళి లేని పని కల్పించుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఫోను పెట్టేశాక లేవలేదు.

"ఏమైందే?" అన్నాను.

"ఎవరు పలకరించినా అటు తిరగడం లేదట. గోడవైపే చూస్తోందట. వాకిట్లో ఏదైనా కారు చప్పుడైతే మాత్రం తల తిప్పుతుందట. చూసి, మళ్ళీ గోడవైపు తిరిగిపోతుందట. ఇంకోసారి పక్షవాతం వస్తే మనుషుల్ని కూడా గుర్తుపట్టదన్నాడట డాక్టరు. అక్కా, గురువు నా బండి కోసం చూస్తోంది."

"ఇంకేం, రేపే బయల్దేరు. మావాడు నడుపుతాడు, నువ్వు పక్కన కూర్చో."

మా అబ్బాయి గుమ్మంలోకి వచ్చి, "నేను సెలవు పెడతా పిన్నీ. హాయిగా వెనక సీట్లో పడుకుని రా," అన్నాడు.

వ్యానమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వు బంగారం నాయనా. కాని నన్ను మూటలా తీసుకెళ్ళి దింపితే ఆవిడేం చూస్తుంది? మాట పోయిన మనిషి దగ్గరికి కాలు పోయిన మనిషి వచ్చిందనుకుంటుంది. ఇద్దరం కలిసి గోడవైపు తిరిగి కూర్చోవాలి. నడుపుకుంటూ రమ్మంది. నడుపుకుంటూనే వెళ్ళాలి."

"ఆ సంగతి నీ కాలికి చెప్పావా?" అన్నాను.

కాలికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఒక్కతే బయల్దేరి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికల్లా కారు మళ్ళీ గేటు ముందుంది, తలుపు తెరుచుకోవడం లేదు. వెళ్ళి చూస్తే స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. కుడి పాదం బన్నులా ఉబ్బింది. పెద్ద రోడ్డు ఎక్కిందట. కాసేపటికి పాదం సడలడం, వేగం పడిపోవడం, వెనక లారీవాడు హారను కొట్టడం, మళ్ళీ తొక్కడం, మళ్ళీ సడలడం. మైదానం ఇంకా చాలా దూరం ఉండగానే తిప్పేసింది.

"ఒక పూట కూడా పోలేకపోయానక్కా," అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

మా పేటలో కార్ల కరెంటు పని చేసేవాడు ఒకడున్నాడు. నడివయసుకు వచ్చినా వ్యానమ్మకు వాడు ఇప్పటికీ నిద్రమొహమే. చిన్నప్పుడు రోజూ ఆమె వ్యానులో కిటికీకి తల ఆనించి నిద్రపోతూ బడికెళ్ళాడు. ఆ పేరు వింటే ఇప్పుడు కూడా వాడి మొహంలో సిగ్గు కనపడుతుంది. కారు పరిస్థితి తెలుసుకుందామని వచ్చినవాడు ఆమె పాదం చూసి, గోడకు ఆనుకుని చాలాసేపు ఆలోచించాడు.

"వ్యానమ్మా, మీకు కావలసింది కాలు పెట్టకుండా వేగాన్ని పట్టి ఉంచడం, అంతే కదా? దానికి క్రూయిజ్ కంట్రోల్ అని ఉంది. కొత్త కార్లకు పుట్టుకతోనే వస్తుంది. పాతవాటికి విడిగా తెప్పించి బిగించొచ్చు."

"కాలు పెట్టకుండా బండి ఎలా పోతుందిరా, దెయ్యం తొక్కుతుందా?" అని నేనడిగాను.

వాడు బానెట్టు ఎత్తి చూపించాడు. "ఇదిగో పెద్దమ్మా, పెడలు తొక్కితే ఈ తీగ లాగుతుంది, బండి వేగం అందుకుంటుంది. దీని పక్కనే ఇంకో తీగ కడతా. దాన్ని ఒక డబ్బాలోని చిన్న మోటారు లాగుతుంది. చక్రం తిరిగే ఇరుసుకు ఒక అయస్కాంతం అంటిస్తా. ఎంత జోరుగా తిరుగుతోందో డబ్బాకు తెలిసిపోతుంది. జోరు తగ్గితే కాస్త లాగుతుంది, పెరిగితే కాస్త వదులుతుంది. కావలసిన వేగం రాగానే మీట నొక్కి కాలు తీసెయ్యడమే."

"మరి ఆపాలంటే?"

"బ్రేకు తాకినా చాలు, క్లచ్చి తాకినా చాలు, వదిలేస్తుంది. రెంటికీ స్విచ్చీలుంటాయి."

"సాయంత్రం దాకా పట్టి ఉంచుతుందా?" అని అడిగింది వ్యానమ్మ.

"పెట్రోలు ఉన్నంతసేపూ పట్టి ఉంచుతుంది."

ఆ సామాను వచ్చేదాకా ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. వచ్చాక ఇద్దరం వాడి షెడ్డులోనే మకాం పెట్టాం. నేనొక పాత టైరు మీద కూర్చుని, ఈ తీగ ఎక్కడికి, ఆ మర ఎందుకు అని అడుగుతూనే ఉన్నాను.

"పెద్దమ్మా, మీకు జవాబులు చెప్పుకుంటూ కూర్చుంటే ఈ బండి తుప్పు పట్టిపోతుంది," అన్నాడు కారు కింద నుంచి.

"ఇప్పుడు కొత్తగా పట్టేదేముందిరా?"

"అలా అనకక్కా, వింటుంది," అంది వ్యానమ్మ. నిజంగానే కారు మీద చెయ్యి వేసి నిమిరింది.

బిగించడం అయ్యాక మొదట వాడే నడిపి చూశాడు. మేం షెడ్డు ముందు నిలబడ్డాం. ఊరి బయట రోడ్డు మీద తిప్పి తెచ్చి, మొహమంతా నవ్వుతో దిగాడు. "రాయిలా పట్టుకుంది. ఇంక మీరు ఎక్కండి."

ఈమె ఎక్కింది. వాడు పక్కన, నేను వెనక. ఊరి బయటకు రాగానే వేగం అందుకుంది. వాడు చెప్పినట్టు మీట నొక్కింది. చిన్న దీపం వెలిగింది. కుడి కాలు తీసింది. దీపం ఆరిపోయింది, బండి నీరసంగా నెమ్మదించింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆరింది.

"మీ కాలు వణికి బ్రేకుకు తగులుతున్నట్టుంది," అన్నాడు.

"నా కాలు నాకు తెలీదా? పూర్తిగా వెనక్కి పెట్టుకున్నాను, చూసుకో."

చూశాడు. నిజమే. షెడ్డుకు తెచ్చి బ్రేకు స్విచ్చి మార్చాడు. వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయో లేదో చూడమని నన్ను కారు వెనక నిలబెట్టాడు. బాగానే వెలిగాయి. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ అదే తంతు. అనుమానం తీరక క్లచ్చి స్విచ్చి కూడా మార్చాడు. విడ్డూరమేమిటంటే వాడు నడిపితే రాయిలా పట్టుకునే పరికరం, ఈమె కూర్చోగానే వదిలేసేది.

నాలుగోసారో అయిదోసారో బండి పక్కకు ఆపేసి, వ్యానమ్మ స్టీరింగు మీద తల పెట్టుకుంది. "విప్పెయ్‌రా. దీనికి నన్ను తీసుకెళ్ళడం ఇష్టం లేదు. పిలిచిననాడు వెళ్ళని మనిషిని, ఇప్పుడెందుకు తీసుకెళ్తుంది?"

"బండికి ఇష్టాయిష్టాలేమిటి వ్యానమ్మా," అన్నాడు గాని, వాడి గొంతులోనూ పస లేదు.

నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. "ఒక్కసారి, నాకోసం," అని బతిమాలి మళ్ళీ నడిపించాను. ఈసారి రెండు ముందు సీట్ల మధ్యలోంచి తల దూర్చి, నడుము విరుగుతున్నా సరే కింద చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను. వాడి చూపు ఎప్పటిలాగే ఆమె కుడి కాలి మీదే ఉంది. అందరి చూపూ చెడ్డకాలి మీదే. మంచికాలిని అడిగేవాళ్ళెవరు? ఆమె మీట నొక్కింది, కుడికాలు తీసి వెనక్కి పెట్టుకుంది. ఎడమకాలు మాత్రం క్లచ్చి మీద, పక్షి కొమ్మ మీద వాలినట్టు వాలి ఉంది.

"ఏమేవ్, ఆ ఎడమ కాలు అక్కడేం చేస్తోంది?"

"ఏ ఎడమ కాలు?"

"నీకెన్ని ఉన్నాయే? క్లచ్చి మీద ఉందే, అది!"

"నేను క్లచ్చి తొక్కడం లేదక్కా."

"తొక్కుతున్నావని అన్నానా? పెట్టావు."

"పెట్టలేదంటుంటే..." అని కిందికి చూసుకుంది. చూసుకుని, బండిని నెమ్మదిగా పక్కకు తీసి ఆపింది.

నిద్రమొహం నుదురు కొట్టుకున్నాడు. "మీ కాలు ఆనించిన బరువు చాలు, స్విచ్చి కదలడానికి. ఎంతసేపటి నుంచి పెడుతున్నారు?"

"నాకు డ్రైవింగు వచ్చినప్పటి నుంచి," అంది వ్యానమ్మ. అప్పుడు ఏడ్చింది. పాదం ఉబ్బి వెనక్కి వచ్చిన రోజు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. వాడు బెదిరిపోయి నావైపు చూశాడు. నేను కిటికీ అద్దం దించాను, గాలి తగలనీ అని.

తప్పు తెలిసినంత మాత్రాన కాలు మాట వింటుందా? తీసి నేల మీద పెట్టేది. కాసేపట్లో తల్లి చెయ్యి వెతుక్కునే పసిపిల్లలా అది మళ్ళీ అక్కడికే పాకేది. దీపం ఆరిపోయేది.

"పోనీ, క్లచ్చి స్విచ్చి తీగ పీకేస్తా. గొడవ ఉండదు," అన్నాడు వాడు.

"పీకేస్తే ఏమవుతుంది?"

"పరికరం పని చేస్తున్నప్పుడు మీరు పొరపాటున క్లచ్చి తొక్కితే ఇంజను ఒక్కసారి గయ్యిమని లేస్తుంది."

"వద్దు. దాని పని అది సరిగ్గానే చేస్తోంది. నా కాలే నేర్చుకోవాలి."

అలా మొదలైంది ఆమెకు రెండో డ్రైవింగు బడి. వంటింట్లో కుర్చీ వేసుకుని, రెండు పాదాలూ నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చునేది. నేను ఉల్లిపాయలు తరుగుతూ కాపలా. "లేస్తోంది, ఎడమది లేస్తోంది," అని నేననడం, ఆమె ఉలిక్కిపడి దించడం. మా అబ్బాయి అటుగా వచ్చి చూసి, "మీ ఇద్దరికీ ఏమైనా అయిందా?" అని నిజంగానే భయపడ్డాడు.

ఒక మధ్యాహ్నం అలా కూర్చునే అంది, "ఇది తీస్తుంటే ఎలా ఉందో తెలుసా అక్కా? ఎవరో బంతి కోసం రోడ్డు మీదికి వస్తున్నట్టు, నేను చూడనట్టు ఉంది."

"మైదానంలో పిల్లలు ఉండరే."

"నాకు తెలుసు. దానికి తెలీదు."

చివరికి నిద్రమొహమే ఒక ఉపాయం చేశాడు. చిన్న చెక్కముక్క ఏటవాలుగా కోసి, పైన రబ్బరు అంటించి, క్లచ్చి పక్కన నేలకు బిగించాడు. కాలుకు ఉండడానికి ఒక చోటు దొరికింది. ఖాళీగా తీసి పడెయ్యమంటే వినని పాదం, ఇంకోచోట పెట్టుకోమంటే వింది. ఊరి బయట రోడ్డు మీద మీట నొక్కింది. దీపం వెలిగింది. అలాగే వెలుగుతూ ఉంది. రోడ్డు మీద ఎవరిదో గేదె అడ్డం వచ్చేదాకా అది ఆరలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. నన్ను రమ్మని ఆమె అడగలేదు. నేను ముందుగానే వెనక సీట్లో కూర్చున్నాను కనుక అడగనవసరం లేకపోయింది.

సందులు దాటాం, పెద్ద రోడ్డు ఎక్కాం. ఊళ్ళు వచ్చినప్పుడు ఆమె పాతలాగే నడిపేది, ఊరు దాటగానే మీట నొక్కేది. మధ్యాహ్నం దాటాక ఇళ్ళు తగ్గాయి, తర్వాత చెట్లు తగ్గాయి. ఒక వంతెన దాటి చిన్న మిట్ట ఎక్కేసరికి మైదానం కనపడింది. దాని మీద ఆ దారి. గురువు కోతలు కోసిందేమో అనుకునేదాన్ని. కొయ్యలేదు. చూపు ఎంత దూరం వెళ్తే దారి అంత దూరం ఉంది.

వ్యానమ్మ నాలుగో గేరు వేసింది. వేగం అందుకున్నాక మీట నొక్కింది. గేరు మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ తీసి స్టీరింగు మీద పెట్టుకుంది. ఎండిన గడ్డి వాసన లోపలికి వచ్చింది. ఇంజను ఒకే శ్రుతిలో మోగుతోంది. అద్దంలో ఆమె మొహం చూశాను. సంతోషపడుతుందనుకున్నాను. ఎవరో ఇంటికి ఆలస్యంగా వచ్చి, ఆరిపోయిన పొయ్యి ముందు నిలబడ్డట్టుంది.

"ఈ దారి ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా అక్కా?" అంది.

"దారి ఎక్కడికి పోతుందే," అన్నాను.

"ఒక్క సెలవుల్లో రంగు వెయ్యకపోతే వ్యాను నడవకపోయేదా? ఒక్కసారి వచ్చి ఉంటే... ఆవిడ పక్కన కూర్చుని ఎంత మాట్లాడేదో. నేను నడుపుతుంటే వంకలు పెడుతూ, ఆ కొస నుంచి ఈ కొస దాకా మాట్లాడుతూనే ఉండేది. ఇప్పుడు నేను వెళ్తున్నాను. మాట లేదు."

ఎండ ఏటవాలుగా పడే వేళకు ఊరు వచ్చింది. చిన్న పెంకుటిల్లు, ముందు ఖాళీ వాకిలి. వ్యానమ్మ కారును వాకిట్లోకి తెచ్చి ఆపింది గాని ఇంజను కట్టెయ్యలేదు. హారను కొట్టలేదు, దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కిటికీవైపు చూస్తూ కూర్చుంది. ఆ ముసలి ఇంజను గడగడమంటూ, మధ్యలో ఒకసారి దగ్గుతూ, మళ్ళీ గడగడమంటూ మోగుతోంది.

కిటికీలో మంచం మీద ఒక తల ఇటు తిరిగింది. తిరిగి, అలాగే ఉండిపోయింది. మళ్ళీ గోడవైపు పోలేదు.

తమ్ముడి భార్య ఆమెను నడిపించుకుంటూ గుమ్మంలోకి తెచ్చింది. మేం ఎరిగిన గురువులో సగం మనిషి. కుడి చెయ్యి కదలకుండా వేలాడుతోంది. వ్యానమ్మ అప్పటికి దిగి ఎదురుగా నిలబడింది. గురువు ఆమె మొహం చూసింది, కుంటుకుంటూ వేసిన అడుగు చూసింది, తెరిచి ఉన్న డ్రైవరు తలుపు చూసింది, వెనక సీట్లో నన్ను కూడా చూసింది. ఇంకెవరైనా నడిపారా అని వెతికినట్టుంది. ఎవరూ లేరు.

"నేనే," అంది వ్యానమ్మ. "నేనే నడుపుకుంటూ వచ్చాను. ఆలస్యమైంది."

గురువు ఎడమ చెయ్యి బానెట్టు మీద ఆనించింది. అలా ఆనించుకునే కారు చుట్టూ తిరిగి, అవతలి పక్కకు వచ్చి, ముందు తలుపు పిడి పట్టుకుని లాగింది.

"అయ్యో, ఇప్పుడే వచ్చారు, కాసేపు కూర్చోనివ్వండి వదినా. మంచినీళ్ళైనా తాగనివ్వండి," అంది తమ్ముడి భార్య. గురువు పిడి వదల్లేదు. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. మాట కాదు గాని, కాదన్నవాళ్ళతో ఆమె ఎప్పుడూ మాట్లాడే తీరే.

ఎక్కించాం. తమ్ముడి భార్య కిటికీ దగ్గర వంగి, "దారి మీద పెట్రోలు బంకు ఉంటుంది. అక్కడ తిప్పుకుని వచ్చెయ్యండి. ఎక్కువసేపు కూర్చోలేరు," అని చెప్పింది. అలాగేనని నేనే మాటిచ్చాను.

మళ్ళీ అదే దారి. సూర్యుడు మా వెనక ఉన్నాడు. కారు నీడ మా ముందు పొడుగ్గా పరిగెడుతోంది. వ్యానమ్మ నాలుగో గేరు వేసింది, మీట నొక్కింది.

"కాలు తీసేశాను. కోప్పడకు," అంది.

గురువు కిందికి చూడనైనా లేదు. ఆమె చూపు దారి మీదే ఉంది. ఎడమ చెయ్యి అడ్డంగా చాచి, స్టీరింగు మీదున్న వ్యానమ్మ చేతి మీద వేసింది. వేసి, అక్కడే ఉంచింది. వ్యానమ్మ మాట్లాడుతోంది. రొట్టెల దుకాణం, కొత్త డ్రైవరు, నిద్రమొహం, అన్నీ ఫోనులో చెప్పినవే, మళ్ళీ మొదటి నుంచి. నవ్వవలసిన చోటు వస్తే ఆగేది. అక్కడ గురువు గొంతులో చిన్నగా ఏదో కదిలేది. ఫోనులో నేనెప్పుడూ వినని చప్పుడు. నవ్వో ఏడుపో వెనక నుంచి నాకు తెలియలేదు. ఒక్కో చోట వ్యానమ్మ ఇంకా కొంచెం ఎక్కువసేపు ఆగేది, ఒక మాట వస్తుందేమోనని. రాలేదు.

దూరంగా బంకు కనపడింది. పెద్దదవుతూ వచ్చింది.

"అదిగోనే, అక్కడే తిప్పమంది," అన్నాను.

ముందు సీట్లలో ఎవరూ పలకలేదు. ఒక తల నెరిసింది, ఇంకోటి సగం నెరిసింది, రెండూ దారివైపే ఉన్నాయి. వేగం చూపే ముల్లు ఉన్నచోటు నుంచి కదల్లేదు. బంకు, దాని ముందు నిలబడ్డ లారీ, లారీ పక్కన టీ తాగుతున్న మనిషి, ఒకటొకటిగా కిటికీ పక్క నుంచి వెనక్కి పోయాయి.

మళ్ళీ చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. ముందు ఇంకా చాలా దారి ఉంది.